చెంబెడు సముద్రం

కుంభగిరి అని ఒక రాజ్యం ఉండేది. ఎక్కడుందని అడక్కండి, కథకు కావలసినంత దూరంలో ఉంది. దాన్ని ఏలే రాజు పేరు ఉద్దండవర్మ. మనిషి చెడ్డవాడు కాదు. పన్నుల కోసం ప్రజల్ని పీడించలేదు, ఊరికే యుద్ధాలకు ఎగబడలేదు. ఆయనకున్నది ఒక్కటే పిచ్చి, బిరుదుల పిచ్చి.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. పొద్దున్నే రాజు కొలువు తీరగానే, బిరుదులు చదివే ఉద్యోగి ముందుకొచ్చి రాజుగారి బిరుదులన్నీ గొంతెత్తి చదవాలి. ఒక్కో బిరుదుకు రాజు దానికి తగిన పని ఏదో ఒకటి చేసి చూపాలి. బిరుదు ఉత్త మాట అనిపించుకోకూడదు కదా. ఆఖరి బిరుదు అయ్యేదాకా రాజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. రాజు ముట్టనిది సభలో ఎవరూ ముట్టకూడదు. బిరుదులు చదవకముందు రాజు నలుగురిలాంటి మనిషే గనక, నలుగురిలాంటి మనిషిగా ఫలహారం చేయడం వంశానికి తలవంపులని వెనకటి పెద్దలెవరో తేల్చారు. అలాంటి పెద్దలు ప్రతి వంశంలోనూ ఉంటారు.

ఉద్దండవర్మ తాతగారికి బిరుదులు రెండో మూడో. పొయ్యి మీద పాలు పొంగేలోగా చదవడం అయిపోయేది, ఆయన హాయిగా ఫలహారానికి లేచేవాడు. తండ్రి ఇంకొన్ని చేర్చాడు. ఉద్దండవర్మ వచ్చాక ఇక లెక్కే లేదు. వేటలో ఒక అడవిపంది ఆయన్ని చూసి పక్కకు తిరిగి పోయింది. అంతటితో ఆయన 'వరాహ గర్వాపహారి' అయ్యాడు. ఆ మాట వినపడగానే పళ్ళెంలోని పందికోర ఎత్తి సభకు చూపేవాడు. వరదలో ఒక వాగు దాటాడు, బోయీల భుజాల మీదే అనుకోండి. 'మహాప్రవాహ లంఘన' అయ్యాడు. ఆ బిరుదుకు సింహాసనం దిగి, నీళ్ళు నింపిన వెండి తాంబాళాన్ని ఒక్క అంగలో దాటేవాడు. పొరుగు రాజు దూత కొలువులో తుమ్మితే 'శత్రు నాసికా కంపన' అయ్యాడు. దానికి ఏం చేసి చూపాలో ఎవరికీ తోచక, రాజే గంభీరంగా గొంతు సవరించుకుని ఊరుకునేవాడు.

"బిరుదులు కాస్త కుదిస్తే బాగుంటుందేమో ప్రభూ" అని ఒక ముసలి మంత్రి అన్నాడు ఒకసారి. రాజు ఆయన్ని కాశీయాత్రకు పంపించి, 'సంక్షేప ద్వేషి' అని మరో బిరుదు చేర్చుకున్నాడు.

ఇలా పొద్దున మొదలైన చదువు ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగేది. సింహాసనం తూర్పు ముఖంగా ఉండటంతో కిటికీలోంచి ఎండ సూటిగా రాజు కళ్ళలోనే పడేది. రెండు పక్కలా సాంబ్రాణి పొగ. సభలో వాళ్ళకు నాలుక పిడచకట్టుకుపోయేది. రాజు మాత్రం దాహంతోనే నీళ్ళ తాంబాళాన్ని ఠీవిగా దాటి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు.

ఆ వేసవిలో రాజుగారికి తలనొప్పి పట్టుకుంది.

రోజూ కొలువు సగంలో ఉండగా కణతలు దడదడా కొట్టుకోవడం మొదలయ్యేది. బిరుదులు చదివే గొంతు వింటేనే మండుకొచ్చేది. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీస్తే తగ్గిపోయేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. ఆస్థాన వైద్యుడు మార్తాండాచార్యులు నాడి చూసి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు.

"ప్రభూ, ఇది మామూలు తలనొప్పి కాదు. రాజ శిరోవేదన. సామాన్యులకు రానే రాదు" అన్నాడు.

నొప్పిలో కూడా రాజు ముఖం వెలిగింది. సామాన్యులకు రానిది ఏదైనా ఆయనకు ఇష్టమే. ఆచార్యులు ముత్యాల భస్మం ఇచ్చాడు, కస్తూరి పట్టు వేశాడు. కస్తూరి వాసనకు నొప్పి రెట్టింపయింది. ఆచార్యులకు మాత్రం ఏ రోజూ తల నొప్పి లేదు. ఆయన సభలో కూర్చుని, ఉత్తరీయం కొనకు కట్టిన చిన్న మూటలోంచి ఏదో తీసి మధ్యమధ్య నోట్లో వేసుకుంటూ ఉండేవాడు. ఎవరన్నా చూస్తే "ఔషధ పరీక్ష" అనేవాడు.

మందులు పనిచేయకపోయేసరికి ఆయనకు ఎవరో ఒకరి మీద నెపం పెట్టాల్సి వచ్చింది. కోట గోడకు ఆనుకుని కంచరి వీధి ఉంది. కంచుతో చెంబులు, గంటలు, తపేలాలు చేసేవాళ్ళు అక్కడ ఉంటారు. పొద్దున్నుంచీ వాళ్ళ సుత్తుల చప్పుడు కోటలోకి వినపడుతూనే ఉంటుంది.

"దొరికింది ప్రభూ. ఆ కంచు మోతే తమ కపాలంలో దూరి తిరుగుతోంది. వీధిని లేపేస్తే నొప్పి తనంతట తనే పోతుంది" అన్నాడు ఆచార్యులు.

వచ్చే అమావాస్యలోగా కంచరి వీధి మొత్తం కొండ అవతలికి పోవాలని రాజు ఉత్తర్వు వేశాడు.

ఆ సభలో తిప్పన అని ఒక కొలువు ఉద్యోగి ఉన్నాడు. రాజుగారికి పొద్దుపోనప్పుడు నాలుగు మాటలు చెప్పి నవ్వించడం అతని పని. అతను లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, మొన్న కంచరివాళ్ళ కులదేవత పండగ. ఆ రోజు వీధిలో ఎవరూ సుత్తి పట్టలేదు. ఆ రోజు తమకు తల నొప్పి రాలేదా?"

"వచ్చింది" అన్నాడు రాజు.

"వస్తుంది మరి" అన్నాడు ఆచార్యులు తడుముకోకుండా. "అంతకు ముందు నాళ్ళ మోత కోట గోడల్లో ఇంకి ఉంది. పండగనాడు అది బయటికి ఊరింది."

సభ అంతా ఔనౌనంది. ఇంత తెలివి పాపం మందుల మీద పెట్టి ఉంటే బాగుండేది. రాజు తిప్పన వైపు చిరాగ్గా చూశాడు.

"వాళ్ళ మీద నీకంత అక్కర ఉంటే వాళ్ళ బండ్లలోనే నీకూ చోటు చూసుకో. అమావాస్యలోగా నా తలనొప్పి పోగొట్టావా, వీధి ఉంటుంది, నువ్వూ ఉంటావు. లేదంటే అందరూ కలిసి కొండ ఎక్కండి."

తిప్పన ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి అరుగు మీద వాలిపోయాడు. అతని తలా పగిలిపోతోంది. భార్య సింగమ్మ వచ్చి చూసింది.

"పొద్దున్నుంచీ ఏం తిన్నారు?"

"బిరుదులు విన్నాను."

"నేనడిగింది తిన్నది."

"రాజుగారు ముట్టందే ఎవరం ముడతాం?"

సింగమ్మ లోపలికి వెళ్ళింది. చెంబెడు నీళ్ళు తెచ్చి ముందు తాగమంది. సానరాయి మీద శొంఠికొమ్ము నీళ్ళతో అరగదీసి ఆ గంధం నుదుటికి పట్టించింది. అరుగు మీద ఎండ పడకుండా చాప వేలాడదీసింది. ఉప్పూ జీలకర్ర పొడీ వేసిన మజ్జిగతో అన్నం కలిపి పెట్టింది. తిప్పన తిని, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడే కంచరి వీధి పెద్ద నాగోజు వచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"బండ్లకు ఎత్తుతున్నాం అయ్యగారూ" అన్నాడు. "సామాన్లదేముంది, ఎత్తుకుపోతాం. మా అచ్చులకు పనికొచ్చే బంకమన్ను ఈ కాలవ గట్టున తప్ప ఎక్కడా లేదు. కొండ అవతల అంతా గుట్టలే. అచ్చు లేకుండా చెంబు ఎట్టా పోస్తాం? మా తాతల నాటి పని మాతోనే పోయేట్టుంది."

తిప్పన కళ్ళు తెరిచి ముసలాయన వైపు చూశాడు.

"ఒక్క మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు నాగోజు. "సుత్తి మా చేతిలోనే ఉంది, మోత మా చెవిలోనే పడుతోంది. ఆ మోతకు తల నొప్పే పనైతే ముందు మాకు గదా నొప్పాలి? మా వీధిలో ఎవరికీ లేదే."

"మీరు పొద్దున ఏం తాగి పనిలో కూర్చుంటారు నాగోజూ?" అంది సింగమ్మ లోపలి నుంచి.

"అంబలి తల్లీ. కడుపు నిండా తాగందే కొలిమి ముందు కూర్చోలేం."

సింగమ్మ గడపలోకి వచ్చింది.

"తలనొప్పి ఊరికే రాదండీ" అంది భర్తతో. "ఆకలికి వస్తుంది, దాహానికి వస్తుంది. ఎండ కళ్ళలో పడితే వస్తుంది, నిద్ర చాలకపోతే వస్తుంది. మా అమ్మకు సంపెంగల వాసన తగిలితే చాలు, మంచం ఎక్కేది. ఎందుకొచ్చిందో చూసి ఆ కారణం తీసేస్తే సగం పోతుంది."

"మిగతా సగం?"

"దానికి శొంఠి ఉండనే ఉంది. అయితే జ్వరంతోనో, మెడ బిగుసుకునో, చూపు మసకేసో వచ్చిందనుకోండి, అప్పుడు నా శొంఠి ఎందుకూ కొరగాదు, వైద్యుడి ఇంటికి పరుగెత్తాల్సిందే. మీకు వచ్చింది అలాంటిది కాదుగా. ఎలా ఉందిప్పుడు?"

తిప్పన నుదుటి మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. నొప్పి ఎప్పుడు పోయిందో కూడా అతనికి తెలియలేదు. అతను ఆమె వైపు, ఖాళీ మజ్జిగ ముంత వైపు చూసి లేచి కూర్చున్నాడు.

రాజుగారి తలకు పట్టింది ఏమిటో అతనికి ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి రాజుకు చెప్పడమే కష్టం. బిరుదులు తగ్గించుకోమన్న మంత్రి ఇప్పటికీ కాశీలోనే ఉన్నాడు.

"నాగోజూ, బండ్లు కట్టే ఉంచు, కానీ కదలకు" అన్నాడు తిప్పన. "ఇంకో సంగతి. రేపటి నుంచి మీ వీధిలో సుత్తులు ఇంతకు ముందు కంటే గట్టిగా మోగాలి."

నాగోజు అతని వైపు అనుమానంగా చూశాడు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాడు పాపం.

మర్నాడు కొలువు మొదలయ్యే ముందే తిప్పన రాజు ఎదుట నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, తమ బిరుదుల్లో ఒక పెద్ద లోపం కనిపెట్టాను."

సభలో ఒకరిద్దరు ముసలి మంత్రి ఖాళీ ఆసనం వైపు చూశారు.

"లోపమా?" అన్నాడు రాజు.

"తక్కువ ప్రభూ, బిరుదులు తక్కువ. పందుల్ని గెలిచారు, వాగుల్ని గెలిచారు, దూత ముక్కును గెలిచారు. శిరోవేదనను గెలిచిన రాజు ఇప్పటిదాకా ఏ దేశంలోనూ లేడు. ఆ ఘనత తమకు దక్కాలి. అందుకు కావలసిన బిరుదులు రచించి తెచ్చాను."

రాజు ముందుకు వంగాడు. "నేనింకా గెలవలేదుగా?"

"తమ తండ్రిగారు 'సప్త సముద్రాధీశ్వర' అని పెట్టుకున్నారు. మన రాజ్యానికి చెరువులు తప్ప ఏమీ లేవు. బిరుదు ముందు పెట్టుకుంటే ఘనత వెనక దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం."

రాజుకు ఈ మాట బాగా నచ్చింది. చదవమన్నాడు.

"మొదటిది, 'సముద్రపాన ధురంధర'. సముద్రాన్నే తాగేసిన మహావీరుడని అర్థం. ఇది చదవగానే ప్రభువులు ఒక చెంబు సముద్రం తాగి చూపాలి. బిరుదుకు తగిన పనే గనక ఆచారం తప్పినట్టు కాదు."

సేవకుడు కంచు చెంబు నిండా చల్లటి కుండనీళ్ళు తెచ్చాడు.

"రెండవది, 'జఠరాగ్ని తర్పణ దీక్షిత'. తమ ఉదరంలో వెలిగే అగ్నికి తామే ఆహుతులు ఇస్తారు. ఆహుతి పెసరపప్పు పొంగలి. మూడవది, 'క్షీరసాగర మథన ఫలభోక్త'. పాలకడలి చిలికితే వచ్చిన ఫలం తమకే చెల్లు." ఈసారి వచ్చింది జీలకర్ర వేసిన మజ్జిగ. "నాలుగవది, 'సూర్యతేజో నిరోధక'. తమ తేజస్సు ముందు సూర్యుడు నిలవలేడు గనక తూర్పు కిటికీకి తెర వేయాలి. అయిదవది, 'ధూమాసుర మర్దన'. ఈ సాంబ్రాణి పొగను ప్రభువులు కనుసైగతో బయటికి పంపుతారు. ఆఖరిది, 'శుంఠీ తిలక విరాజిత'. నుదుట శొంఠిగంధం."

"ఇవి ఎక్కడ చేర్చాలి? చివరా?" అన్నాడు బిరుదులు చదివే ఉద్యోగి.

"చివరా?" తిప్పన నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "సముద్రాన్ని పంది వెనక చదువుతావా? ప్రభువుల మర్యాద ఏం కావాలి?"

"ముందే, ముందే" అన్నాడు రాజు.

ఇంతలో మార్తాండాచార్యులు లేచాడు. మజ్జిగ ముంత వాసన ఆయన దాకా వెళ్ళినట్టుంది.

"ప్రభూ, మోసం. ఇది సముద్రం కాదు, కుండలో నీళ్ళు. అది పాలకడలి కాదు, వట్టి మజ్జిగ. ఆఖరి బిరుదు మరీ అన్యాయం. మా ఇంట్లో ఆడవాళ్ళు పిల్లల నుదుటికి రాసేది అదే. ఇవన్నీ వంటింటి వైద్యాలు."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. తిప్పన ఆచార్యుల వైపు ఎంతో వినయంగా తిరిగాడు.

"ఆచార్యులవారు పెద్దలు. చెంబులో ఉన్నది సముద్రం కాదు, నీళ్ళేనంటున్నారు. ఒప్పుకుంటాను. మరి ప్రభువులు రోజూ దాటే ఆ వెండి తాంబాళంలో ఉన్నది ఏమిటో కూడా తమరే సెలవియ్యండి. మహాప్రవాహమా, నీళ్ళా?"

ఆచార్యులు నోరు తెరిచాడు. తాంబాళం వైపు చూశాడు. రాజు వైపు చూశాడు. రాజు కళ్ళు ఆయన మీదే ఉన్నాయి.

"మహాప్రవాహమే" అన్నాడు నీరసంగా.

"అయితే ఇది సముద్రమే" అన్నాడు తిప్పన. ఆచార్యులు కూర్చున్నాడు.

రాజు చెంబెత్తి సముద్రాన్ని గటగటా తాగేశాడు. తాగి, "ఇంకో సముద్రం" అన్నాడు. రాజు ముట్టాక సభ ముట్టవచ్చు గనక అందరికీ తలో సముద్రం వచ్చింది. పొంగలి వచ్చింది, మజ్జిగ వచ్చింది. కిటికీకి తెర పడింది, పొగ పోయింది. ఆ తరవాత పందికోర దగ్గర్నుంచి పాత బిరుదులన్నీ ఒక్కటీ వదలకుండా చదివారు. చాలా రోజుల తరవాత సభలో వాళ్ళు నిద్రపోకుండా విన్నారు. ఆ పూట రాజుగారికి తల నొప్పి రాలేదు.

మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమావాస్య వచ్చింది.

ఆ రోజు 'వరాహ గర్వాపహారి' చదివే వేళకు రాజు కోర ఎత్తడం మరిచిపోయి వేళ్ళతో సింహాసనం చేతి మీద తాళం వేస్తున్నాడు. సభ అంతా అది గమనించింది. కాసేపటికి రాజుకే అనుమానం వచ్చింది.

"నేను వేస్తున్న ఈ తాళం ఎక్కడిది?"

"కంచరి వీధిది ప్రభూ" అన్నాడు తిప్పన. "ఈ నాలుగు రోజులూ కాస్త గట్టిగానే కొడుతున్నారు. నేనే కొట్టమన్నాను."

రాజు తాళం ఆపేశాడు. సుత్తుల చప్పుడు స్పష్టంగా వినపడుతోంది. ఆయన తల తడుముకున్నాడు. ఖాళీ కంచు చెంబు వైపు చూశాడు. పొంగలి గిన్నె వైపు చూశాడు. ఆయన ఆలోచన ఎటు పోతోందో తెలిసి తిప్పనకు చెమటలు పట్టాయి. కోట గుమ్మం అవతల నాగోజు తలపాగా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఎడ్లు పూన్చిన బండ్లు ఉన్నాయి.

"తిప్పనా, నిజం చెప్పు. నాకు వచ్చింది ఏ శిరోవేదన?"

"అభయమిస్తే చెబుతాను."

"ఇచ్చాను."

"ఆకలి ప్రభూ. కొంచెం దాహం, కొంచెం ఎండ, కొంచెం పొగ. అదే మా ఇంట్లో నాకు వస్తే మా ఆవిడ ముందు తిట్టి, తరవాత అన్నం పెడుతుంది. తమను తిట్టే భాగ్యం ఎవరికీ లేక ఇంతదాకా వచ్చింది."

రాజు ఆచార్యుల వైపు చూశాడు.

"మరి ఆచార్యుల వారికి ఏ రోజూ తల నొప్పి రాలేదేం? ఆయనా నాతోపాటే పస్తు ఉంటున్నాడుగా?"

"ఆయన ఔషధ పరీక్ష చేస్తుంటారు ప్రభూ."

"ఏదీ, ఆ మూట విప్పండి ఆచార్యులవారూ."

ఆచార్యులు ఉత్తరీయం కొన ముడి విప్పాడు. బెల్లం కలిపిన అటుకులు సభ మధ్యలో రాలాయి.

రాజు అటుకుల్ని చూశాడు, తిప్పనను చూశాడు. ఆయన భుజాలు మెల్లగా కదిలాయి. తరవాత పొట్ట కదిలింది. ఆ నవ్వుకు సింహాసనమే కిర్రుమంది.

"నాకు ఒక ముంత మజ్జిగ తాగించడానికి పాలకడలి చిలికావటయ్యా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఊరికే తాగమంటే తాగేవాణ్ణి కానా?"

"కాశీలో ఉన్న మంత్రిగారిని అడగండి ప్రభూ."

రాజు మళ్ళీ నవ్వాడు. ఆ మంత్రిని వెనక్కి పిలిపించమన్నాడు. నాగోజును లోపలికి రప్పించి, బండ్లు విప్పుకోమని తన నోటితోనే చెప్పాడు. ముసలాయన దండం పెట్టబోయి, ఏడుపు వచ్చి, తలపాగాతో ముఖం కప్పుకున్నాడు. సభలో ప్రతి ఒక్కరికీ ఒక నీళ్ళచెంబు చేసి పంపమని రాజు ఆయనకే పని అప్పగించాడు. ఆచార్యులను ఏమీ అనలేదు. ఇక మీదట కొలువుకు వచ్చేటప్పుడు అటుకులు అందరికీ సరిపడా తెమ్మన్నాడంతే.

"ఇక నీ సంగతి" అన్నాడు తిప్పనతో. "ఇంత పని చేసినవాడికి మామూలు బహుమానం చాలదు. నా పక్కన నిలబెట్టి, రోజూ సభలో చదివేటట్టు నీకూ ఒక గొప్ప బిరుదు ఇస్తాను. ఏం కావాలో కోరుకో."

తిప్పన రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించాడు.

"ప్రభువుల దయ. ఆ పొంగలి ఇంకో గిన్నెడు ఇప్పించండి చాలు. బిరుదు మాత్రం వద్దు, నాకు అసలే తలనొప్పి తొందరగా వస్తుంది."

రాజు ఎంత నవ్వాడంటే, ఆ పూట మిగిలిన బిరుదులు చదవడం ఎవరికీ గుర్తు రాలేదు.